చల్లారిన బాయిలరు, గోరువెచ్చని కుళాయి

"గొట్టం పగిలింది. ఒక ప్రాణం పోయింది. కారణం నీళ్ళు. ఆ నీళ్ళు చూడాల్సిన మనిషి చూడలేదు. ఇంతే కదా కేసు? దీనికి డిటెక్టివ్ ఎందుకు బావా?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్లమీద బోర్లించాడు. అతడు డిటెక్టివ్ భార్యకు స్వయానా తమ్ముడు. ఇంట్లో ఒకే పంక్తిన కూర్చుని తినే ఆ ఇద్దరూ కేసు దగ్గర ఎదురుపడితే మాత్రం, చుట్టరికం కాస్తా వెటకారానికి పిడిగా మారేది.

"నీకు అక్కర్లేదు. పోయినవాడి భార్యకి కావాల్సొచ్చింది," అన్నాడు డిటెక్టివ్.

"మొగుణ్ణి పొట్టనపెట్టుకున్నది సొంత చెల్లెలు. ఆ చెల్లెల్ని కాపాడమందా ఆవిడ?"

"కాపాడమనలేదు. నిజం చెప్పమంది. చెల్లెలే అయితే జన్మలో మొహం చూడనంది. కాకపోతే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకెళ్తానంది. పొద్దుటినుంచి సందర్శకుల గదిలో కుర్చీ కదలకుండా కూర్చుంది."

"సాయంత్రం షిఫ్టు మారగానే ఆ పిల్లని జీపెక్కిస్తాను. అందాకా నీ ఇష్టం. మా అక్క మొహం చూసి ఇస్తున్న గడువిది. ఇంటికెళ్ళాక ఆవిడకా సంగతి చెప్పు."

మొన్న ఉదయం ఈ విద్యుత్ కేంద్రపు మొదటి యూనిట్‌లో, బాయిలరు నడినెత్తిన, నీటినుంచి ఆవిరి వేరయ్యే డ్రమ్ము ఉండే గదిలో ఒక గొట్టం పగిలింది. ఉబికిన ఆవిరిలో చిక్కి, బాయిలరు ఆపరేటరు ఒకడు ప్రాణం విడిచాడు. ఆ గొట్టాన్ని కోసి చూసినప్పుడు లోపలి గోడ చెదలు తిన్న చెక్కలా కనిపించింది. తిన్నది చెద కాదు, ఉప్పు. టర్బైను దాటివచ్చిన ఆవిరిని మళ్ళీ నీరుగా మార్చేందుకు పక్కగా పారించే ఉప్పునీరు, కంటికానని చిల్లిలోంచి జారి, బాయిలరుకు వెళ్ళే శుద్ధజలంలో కలిసింది. ఒక్క పూటలో ఇనుమును కొరికే శక్తి ఉప్పుకు లేదు. అది రోజుల తరబడి నిశ్శబ్దంగా నమిలింది. అన్ని రోజులూ నీటిపరీక్షల అంకెలు మాత్రం ముత్యాలలాగే ఉన్నాయి. ఆ వారమంతా ఉదయం షిఫ్టులో ఆ పరీక్షలు చేసిన కెమిస్టు, పోయినవాడి మరదలు.

తలుపు మెల్లగా తెరుచుకుంది. రసాయన విభాగపు పెద్ద లోపలికి వచ్చాడు. ఆయనకంటే ముందు ఆయన అత్తరు వాసన వచ్చింది. ఆ అత్తరు వల్లా, నీళ్ళ గురించి తప్ప మాట్లాడని అలవాటు వల్లా, కేంద్రంలో అందరూ ఆయన్ని చాటున 'పన్నీరు' అంటారు. మడత నలగని చొక్కా. మాట నలగని నాలుక.

"బాయిలరు నీళ్ళ సంగతి నాకు ఓనమాలనుంచి చెప్పండి," అన్నాడు డిటెక్టివ్.

"మనం తాగే నీళ్ళు బాయిలరు తాగితే చస్తుందండీ," అని పన్నీరు చిరునవ్వు నవ్వాడు. "ఉప్పు తీసేస్తాం. కరిగిన ఇసుక తీసేస్తాం. ఆఖరికి నీళ్ళలో దాక్కున్న గాలి కూడా తీసేస్తాం. ఆ తర్వాత డ్రమ్ములో కాస్త ఫాస్ఫేటు కలుపుతాం. ఒక చుక్క మందు వేస్తే నీళ్ళు లేత గులాబీ రంగు తిరగాలి. ఆ గుణం ఉంటే ఇనుముకి లోపల నల్లటి పొర కట్టుకుని కాపాడుతుంది. ఉప్పు చేరిందా, ఆ పొర ఊడిపోతుంది."

"ఉప్పు చేరిన సంగతి మీకెలా తెలుస్తుంది?"

"కుళాయి చెబుతుంది. వినడానికి అక్కడ మనిషుండాలి."

"ఈ అమ్మాయి వినలేదంటారు?"

"అయ్యో, నేనెందుకంటాను? చిన్నపిల్ల. మంచిదే. వయసు కదా, మనసు ఒకచోట నిలవదు." జాలి తేనెలా కారింది, తేనె కింద ముల్లు కూడా తగిలింది.

"మొన్న గొట్టం పగిలినప్పుడు మీరెక్కడున్నారు?"

"నా గదిలో. కుర్చీలోంచి లేవనే లేదు. చప్పుడు విన్నాకే కిటికీ తీశాను."

"పోయినాయనకి డ్రమ్ము గదిలో ఏం పని?"

"పనేముంటుందండీ? కునుకు తీయడానికి ఎక్కుంటాడు. మంచినీళ్ళ సీసా కూడా పక్కనే దొరికింది కదా. పాపం, పోయినవాణ్ణి ఆడిపోసుకోకూడదు గానీ..."

"కునుకు తీయడానికి కేంద్రం మొత్తంలో అన్నిటికన్నా వేడిగా ఉండే గదికి ఎక్కాడా?"

"ఎవరూ రారని ధీమా." పన్నీరు కళ్ళు ఒక్క క్షణం గోడవైపు తిరిగాయి. గోడమీద సిబ్బంది అందరూ నిలబడిన ఫొటో ఉంది. కింద పెద్ద అక్షరాలతో 'ఆగని యూనిట్' అని ఉంది. "ఏడాదిగా ఒక్క రోజు ఆగకుండా నడిచింది. ఇంకొక్క వారం ఓర్చుకుని ఉంటే అన్ని కేంద్రాల్లోనూ మేమే మొదటివాళ్ళం."

"ఎవరు ఓర్చుకుని ఉంటే? గొట్టమా, మనిషా?"

చిరునవ్వు చెదరలేదు. కానీ అది మొహంమీద ఉండవలసిన సమయం కంటే ఎక్కువసేపు ఉండిపోయింది. ఆ తేడా డిటెక్టివ్ చూశాడు. తేడా చూశానని పన్నీరుకు తెలిసేలా చూశాడు.

*

నీళ్ళు పట్టే గది పొడవైనది, సన్ననిది. రెండు బాయిలర్లనుంచీ వచ్చే నీటినీ ఆవిరినీ అక్కడ చల్లబరిచి, వరుసగా బిగించిన చిన్న చిన్న కుళాయిల్లోకి వదులుతారు. కుళాయిల కింద ఉక్కు తొట్టి; కుళాయిల పైన అంకెలు చూపే మీటర్లు; ప్రతి కుళాయి మెడలో ఒక రేకు చీటీ. కుడివైపు రెండో యూనిట్, నడుస్తున్నది. దాని కుళాయిలన్నీ దారాల్లాంటి సన్నని ధారలతో నిరంతరం గొణుగుతున్నాయి. ఎడమవైపు మొదటి యూనిట్. అది చల్లారింది, లోపలి నీటినంతా మొన్ననే బయటికి వదిలేశారు. దాని కుళాయిలన్నీ మూసి ఉన్నాయి.

డిటెక్టివ్ ఎడమవైపు మొదటి కుళాయి తిప్పాడు. కొంచెం గాలి బుసకొట్టి ఊరుకుంది. రెండోది తిప్పాడు. అదీ పొడి. మూడోదాని మెడలో 'డ్రమ్ము నీరు' అని ఉంది. దాన్ని తిప్పాడు.

నీళ్ళు వచ్చాయి.

ఆ ధార కింద వేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

"ఏమిటి బావా, చెయ్యి కడుక్కుంటున్నావా? కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయని కనిపెట్టావా?" గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టరు నవ్వాడు. అతడి వెనక నవ్వుమొహం కానిస్టేబుల్ ఒకడు కూడా నవ్వాడు; బుగ్గలున్న వాడు, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవాడు.

"ఇలా వచ్చి వేలు పెట్టు."

ఇన్‌స్పెక్టరు వేలు పెట్టాడు. "గోరువెచ్చగా ఉన్నాయి. అయితే?"

"బాయిలరు చల్లారి రెండు రోజులైంది. లోపల చుక్క నీళ్ళు లేవు. నీళ్ళు లేని కుండ నీళ్ళెలా పోస్తుంది? ప్రాణం లేనిది వెచ్చగా ఎలా ఉంటుంది?"

నవ్వు మొదట కానిస్టేబుల్ మొహంలో ఆగింది. తర్వాత ఇన్‌స్పెక్టరు మొహంలో ఆగింది.

మీటర్ల బోర్డు వెనక మనిషి పక్కకు తిరిగితే తప్ప పట్టని సందు ఉంది. డిటెక్టివ్ ఊపిరి బిగబట్టి అందులో దూరాడు. మాసిపోయి, మసిబారి, ఒకదానికొకటి అల్లుకున్న పాత గొట్టాల నడుమ ఒక ముక్క మాత్రం కొత్త సూదిలా మెరుస్తోంది. దాని ఒక కొస రెండో యూనిట్ డ్రమ్ము గొట్టంలోంచి పుట్టింది. రెండో కొస మొదటి యూనిట్ డ్రమ్ము కుళాయిలో కలిసింది. మొదటి యూనిట్‌కు సొంతంగా ఉండవలసిన గొట్టం నోట బిరడా బిగించి ఉంది.

మొదటి బాయిలరు ఉప్పు మింగుతూ చస్తుంటే, దాని పేరు పెట్టుకున్న కుళాయి పక్కింటి ఆరోగ్యాన్ని చూపిస్తూ వచ్చింది.

బయటికి వచ్చి చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఆ సందులోకి తొంగి చూశాడు. తర్వాత నెమ్మదిగా నవ్వు మొదలుపెట్టాడు.

"సంతోషం బావా. ఇన్నాళ్ళూ నిర్లక్ష్యమనుకున్నాను. నువ్వొచ్చి కుట్ర అని తేల్చావు. ఈ గొట్టాల పురాణం ఎవరికి తెలుస్తుంది? కెమిస్టుకి. రోజూ ఈ గదిలో ఉండేదెవరు? ఆ కెమిస్టే. ఒకటో రెండో ఏళ్ళు పడాల్సింది ఇప్పుడు జన్మంతా పడుతుంది. ఆ అక్కగారికి చెప్పు, మంచి డిటెక్టివ్‌నే పెట్టుకుందని."

ఆ మాట గురి తప్పలేదు. తాను వెలికితీసిన సాక్ష్యమే ఆ పిల్ల మెడకు ముడిలా బిగుసుకుందని డిటెక్టివ్‌కు తెలిసింది.

ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ వైపు తిరిగాడు. "ఒరేయ్, ఈ దొంగ గొట్టం అసలు ఎక్కడినుంచి వస్తోందో పైదాకా వెళ్ళి చూసి రా. దారి తెలియకపోతే ఆ పన్నీరు పెద్దాయన్ని అడుగు."

"ఆయన్నెందుకు అడగడం?" అన్నాడు డిటెక్టివ్.

"ఆయన్ని కాకపోతే నిన్నడగమంటావా? నీకు బాయిలరెక్కడుందో కూడా నేనే చూపించాను. నువ్వెళ్ళరా."

కానిస్టేబుల్ బుగ్గలు నింపి నవ్వి, వెళ్ళిపోయాడు.

*

కెమిస్టును ఆ పక్కనే ఉన్న ప్రయోగశాలలో కూర్చోబెట్టారు. గుమ్మం దగ్గర ఆడ కానిస్టేబుల్ కాపలా ఉంది. ఆ పిల్ల రెండు చేతులూ ఒళ్ళో దాచుకుంది. వేళ్ళ కొసలు నల్లగా, గోధుమగా మచ్చలు పడి ఉన్నాయి.

"ఆ మరకలేమిటమ్మా?" డిటెక్టివ్ ఎదురుగా స్టూలు లాక్కున్నాడు.

"వెండి మందువి సార్. నీళ్ళలో ఉప్పుందో లేదో చూసేది. కడిగితే పోవు. తోలు మారితే పోతాయి."

"రోజూ చూసేదానివా?"

"రోజూ. మీటరు చెప్పినా సరే, చేత్తో చూడకపోతే నాకు నిద్ర పట్టదు. రోజూ బాగానే ఉన్నాయి." ఆమె తల వంచుకుంది. "మొన్న కూడా బాగానే ఉన్నాయి. అదే నాకు నచ్చలేదు."

"నీళ్ళు బాగుంటే నచ్చకపోవడమేమిటి?" గుమ్మంలోంచి ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"మొన్న పొద్దున డ్రమ్ము అడుగు నీళ్ళు కొంత బయటికి వదిలారు సార్. అప్పుడప్పుడూ అలా వదులుతారు. వదిలితే కొత్త నీళ్ళు చేరి కుళాయి దగ్గర అంకె కొంచెమైనా దిగాలి. ఎప్పుడూ దిగుతుంది. మొన్న కదల్లేదు. ఒళ్ళు గిల్లినా ఉలకని మనిషిలా ఉంది. భయమేసింది."

"ఎవరితో చెప్పావు?"

"మా విభాగం పెద్దసారుతో. మీటరు మందగించింది, మరమ్మతుకి రాస్తాలే అన్నారు. అంతకు ముందు టర్బైను కింద నీళ్ళ మీటరు కూడా అలాగే రాశారు. అది తీసుకెళ్ళి వారమైంది, ఇంకా రాలేదు."

"తర్వాత?"

ఆమె పెదవులు తడుపుకుంది. "తర్వాత ఏమీ లేదు."

"తర్వాత మీ బావ డ్రమ్ము గదికి ఎక్కాడు."

ఆమె మరకల వేళ్ళను ఒళ్ళో ఇంకా లోపలికి ముడుచుకుంది. ఆమె దాచుకున్నది అబద్ధమా, గాయమా అని డిటెక్టివ్ తూకం వేసుకున్నాడు. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి. రెండింటికీ కళ్ళు నేల చూస్తాయి.

"అక్క వచ్చిందా సార్?"

"వచ్చింది. నువ్వు చంపలేదని నేను చెబితే ఇంటికి తీసుకెళ్దామని కూర్చుంది."

"అయితే చెప్పకండి." గొంతు వణకలేదు. "నేనే చంపాను."

"విన్నావా బావా!" ఇన్‌స్పెక్టరు ఒక్క అంగలో లోపలికి వచ్చాడు. "నేను అడిగితే రెండు రోజులు పెదవి విప్పలేదు. నీకోసమే దాచిపెట్టింది."

డిటెక్టివ్ చెయ్యెత్తి ఆపాడు. "ఎలా చంపావమ్మా?"

"పంపాను." ఇప్పుడు వణికింది. "డ్రమ్ము పక్కనే ఒక కుళాయి ఉంది సార్. ఈ గొట్టాలతో, ఈ మీటర్లతో పని లేకుండా నేరుగా నీళ్ళొచ్చేది. వేడికి ఎవరూ వెళ్ళరు. 'బావా, ఒక్క సీసా పట్టుకొచ్చి పెట్టవా' అన్నాను. 'మరదలు అడిగితే మేడెక్కనా, మబ్బెక్కమన్నా ఎక్కుతా' అని నవ్వుకుంటూ వెళ్ళాడు. నేను అడక్కపోతే ఆ వేళకి కింద టీ తాగుతూ ఉండేవాడు."

"ఈ మాట మొన్ననే చెప్పి ఉంటే నీ మీద కేసే ఉండేది కాదేమో. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే అక్కకి తెలుస్తుంది. చెప్పకపోతే జైలుకి పోతాను." ఆమె నల్లమచ్చల వేళ్ళకేసి చూసుకుంది. "రెంట్లో జైలే తేలికనిపించింది."

ఇన్‌స్పెక్టరు ఇంకో స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ సీసా నీకు చేరిందా?" అన్నాడు డిటెక్టివ్.

"లేదు సార్. సీసా ఏదీ లేదన్నారు పెద్దసారు."

"లేకపోవడమేమిటి?" డిటెక్టివ్ బావమరిది వైపు తిరిగాడు. "శవం దగ్గర దొరికిన వస్తువుల్లో ఒక సీసా ఉంది కదా?"

"అది మంచినీళ్ళ సీసా."

"మంచినీళ్ళని నీకెవరు చెప్పారు?"

"పన్నీరే. పక్కనే నిలబడి ఒక్కొక్కటీ ఏమిటో చెప్పాడు. అయినా సీసాలో నీళ్ళుంటే మంచినీళ్ళు కాకపోతే ఇంకేం..." ఇన్‌స్పెక్టరు మాట అక్కడే ఆగిపోయింది. ఊళ్ళో అందరికీ నీళ్ళంటే మంచినీళ్ళే. నీళ్ళకు పది రకాల పేర్లు పెట్టి బతికేవాడు కూడా ఆ మాటే అన్నాడంటే, అది పొరపాటున నోరు జారిన మాట కాదు.

ఆడ కానిస్టేబుల్ జీపులోంచి మూట తెచ్చింది. అందులో తెల్లటి ప్లాస్టిక్ సీసా. వేడికి ఒక పక్క కాస్త సొట్ట పోయింది. మూత బిగించి ఉంది.

"ఎక్కడ దొరికింది?"

"బోర్లా పడి ఉన్నాడు. కడుపు కింద పొదువుకుని ఉన్నాడు దీన్ని."

"పన్నీరు పక్కనే దొరికిందన్నాడే. బోర్లా పడిన మనిషి కడుపు కింద ఉన్నది ఆయనకి కనపడలేదా? సరే, పడింది ఎక్కడ?"

"తలుపు దగ్గర. చెయ్యి తలుపుకి ఆనించి ఉంది."

"తలుపు దాకా వచ్చినవాడు బయటికెందుకు రాలేదు?"

"ఆవిరి కమ్మేస్తే తలుపేదో గోడేదో తెలుస్తుందా?"

"గడియ ఎటువైపుంది?"

"బయటివైపు." ఇన్‌స్పెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. "మేము వెళ్ళేసరికి తీసే ఉంది బావా. పన్నీరు మాకంటే ముందెళ్ళి తీశాడు."

"తీశాడంటే, తీసేదాకా వేసే ఉందన్నమాట."

కెమిస్టు లేచి బల్ల దగ్గరికి వచ్చింది. సీసాను ముట్టుకోలేదు, చూసింది, అంతే.

"మా సీసానే సార్. చూడండి, మూత దాకా నిండి ఉంది. మేము నీళ్ళు పడితే మెడలో గాలి మిగలనివ్వం. పొర్లేదాకా నింపి, పొర్లుతుండగానే మూత బిగిస్తాం. గాలి తగిలితే నీళ్ళ గుణం మారిపోతుంది. బావకి నేనే నేర్పాను."

"నువ్వు తాగడానికి ఎప్పుడైనా సీసా ఇలా నింపుకున్నావా?" అని డిటెక్టివ్ బావమరిదిని అడిగాడు. "మూత తియ్యగానే చొక్కా తడుస్తుంది."

ఇన్‌స్పెక్టరు బింకం పూర్తిగా వదల్లేదు. "సరే, పరీక్ష చెయ్యండి. కానీ ఈ పిల్ల చెయ్యి తగలకూడదు. నీ చెయ్యీ తగలకూడదు. నేనే చేస్తాను."

"చెయ్యి. ఈ పిల్ల చెబుతుంది, నువ్వు పొయ్యి."

ఆ పెద్ద చేతుల్లో గాజు గొట్టాలు పుల్లల్లా కనిపించాయి. ఒకదానిలో గోరువెచ్చని కుళాయి నీళ్ళు పట్టాడు. ఇంకోదానిలో సీసా నీళ్ళు పోశాడు. మూత తియ్యగానే చొక్కా చెయ్యి నిజంగానే తడిసింది. కెమిస్టు చెప్పినట్టు రెండింటిలోనూ ముందు ఒక చుక్క ఆమ్లం వేశాడు.

"ఇప్పుడు వెండి మందు సార్. ఒక్కో చుక్క. వేలిమీద పడనివ్వకండి, నాలా అవుతారు."

మొదటి గొట్టంలో చుక్క పడింది. నీళ్ళు కన్నీటిలా తేటగానే ఉన్నాయి.

రెండోదానిలో చుక్క పడింది. పడినచోట ఒక తెల్లని పోగు కదిలింది; పోగు మబ్బైంది; మబ్బు ముసిరి, చూస్తుండగానే గొట్టమంతా పాలు పోసినట్టు తెల్లబడింది.

"ఉప్పు," అంది కెమిస్టు. అరవలేదు. ఊపిరి వదిలినట్టుగా అంది. "ఇంత ఉప్పా... బావా..."

ఆ పిలుపుకు గదిలో ఇద్దరు మగవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చూపులు తిప్పుకున్నారు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు డిటెక్టివ్, ఈసారి వెటకారం లేకుండా. "ఆ దొంగ గొట్టం బిగించింది ఈ పిల్లే అయితే, అంకె కదల్లేదని పై అధికారికి తనే ఎందుకు చెబుతుంది? కుళాయికి అబద్ధం నేర్పినవాళ్ళు, పైకి మనిషిని పంపి నిజం తెప్పించుకుంటారా? అదీ సొంత అక్క మొగుణ్ణి?"

ఇన్‌స్పెక్టరు గాజు గొట్టాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దాన్ని స్టాండులో జాగ్రత్తగా దించి, ఆడ కానిస్టేబుల్‌తో అన్నాడు: "సందర్శకుల గదిలో ఉన్న అక్కగారిని తీసుకురండి. ఈ అమ్మాయిని మనం తీసుకెళ్ళడం లేదు."

*

అక్క వచ్చి గుమ్మంలో నిలబడింది. నలిగిన చీర, ఎండిన కళ్ళు. అటు ఆమె, ఇటు చెల్లెలు. నడుమ నాలుగడుగుల నేల. ఆ నాలుగడుగులూ ఎవరు దాటాలో ఇద్దరికీ తెలియలేదు.

"మీ చెల్లెలు నిర్దోషేనమ్మా," అన్నాడు డిటెక్టివ్. "మిగతాది తనే చెప్పాలి."

చెల్లెలు నోరు తెరిచింది. "అక్కా, బావని పైకి పంపింది నేనే. నీళ్ళు పట్టుకురమ్మన్నాను. నేనడక్కపోతే..."

అక్క కదిలింది. దగ్గరికి వచ్చింది. కొడుతుందేమోనన్నట్టు చెల్లెలు కళ్ళు మూసుకుంది. కొట్టలేదు. మచ్చలు పడ్డ ఆ వేళ్ళను రెండు చేతులతో తీసుకుని, గుప్పిట్లో దాచింది.

"నాకు తెలుసే."

"తెలుసా?"

"అక్కణ్ణుంచే ఫోను చేశారే నాకు. 'మీ చెల్లి పనిమీద పైకొచ్చా, కూరగాయలు సాయంత్రం తెస్తా' అన్నారు. ఇదే చివరి మాటవుతుందని ఆయనకేం తెలుసు, నాకేం తెలుసు?" ఆమె గొంతు అప్పుడు పగిలింది. "నువ్వు నాతో అనలేకపోయావు. నువ్వు అనేదాకా నేనూ అడగలేకపోయాను. ఇద్దరం ఇద్దరమే పిచ్చివాళ్ళం. ఒంటరిగా పంపలేదు కదే నువ్వు. తోడుగా పెద్దాయన ఉన్నారుగా."

డిటెక్టివ్ తల పైకెత్తాడు. "ఏ పెద్దాయన?"

"వీళ్ళ పెద్దసారేనండీ. నేనింకా మాట్లాడబోతే, 'పెద్దసారు నాతోనే ఉన్నారు, ఇక్కడ హోరుకి మాట వినబడటం లేదు, కిందికి దిగాక చేస్తా' అని పెట్టేశారు." ఆమె ఒకరి తర్వాత ఒకరి మొహం చూసింది. "ఎందుకలా చూస్తున్నారు? ఆయన మీకు చెప్పలేదా?"

కుర్చీలోంచి లేవనే లేదన్న మనిషి, ఇద్దరుగా ఎక్కి ఒక్కడుగా దిగాడు. ఉప్పు సంగతి బయటపడితే యూనిట్ ఆపాల్సి వస్తుందని, దిగేముందు బయట గడియ వేశాడు.

"పన్నీరు ఎక్కడ?" ఇన్‌స్పెక్టరు గుమ్మం వైపు తిరిగాడు.

"మీరే పంపారు కదా సార్," అంది ఆడ కానిస్టేబుల్, బిత్తరపోతూ. "గొట్టం ఎక్కడినుంచి వస్తోందో చూడమని మన కానిస్టేబుల్ని. నేను మూట తెస్తుంటే ఇద్దరూ ఎదురయ్యారు. 'దాని మొదలు రెండో బాయిలరు మీదుంది, నేనే దగ్గరుండి చూపిస్తా' అని పెద్దాయన తీసుకెళ్ళారు."

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫోను చెవికి ఆనించాడు. అటువైపు కానిస్టేబుల్ ఫోను మోగింది. మోగింది. మళ్ళీ మోగింది. ఎత్తారు.

వెయ్యి జలపాతాలు ఒక్కసారి దూకినట్టు హోరు. ఆ హోరులోంచి, బుగ్గలు నింపుకుని నవ్వే ఆ గొంతు, అరుస్తూ, ఉత్సాహంగా:

"సార్! పెద్దసారు నాతోనే ఉన్నారు సార్! ఇక్కడ మాట వినబడటం లేదు, కిందికి దిగాక చేస్తా!"